ప్రూఫులో హంసపాదు వేయడం ఎలా?

పెళ్లి శుభలేఖ కావచ్చు, రిటైర్మెంటు సన్మాన సంచిక కావచ్చు, సొంత ఖర్చుతో వేసుకుంటున్న కవితల పుస్తకం కావచ్చు. హైదరాబాద్‌లో ఏ డీటీపీ సెంటర్‌కి మ్యాటర్ ఇచ్చినా కొన్నాళ్లకు ప్రూఫు, అంటే అచ్చుకు ముందు సరిచూసుకోమని ఇచ్చే నమూనా ప్రతి, మీ చేతికొస్తుంది. "చూసి కరెక్షన్స్ పెట్టివ్వండి సార్" అంటారు. అక్కడినుంచి పూచీ మీదే. తప్పుగా పడ్డ అక్షరాన్ని దిద్దడం పెద్ద విద్య కాదు, కొట్టేసి పక్కన రాస్తే సరి. చిక్కంతా అసలు పడని అక్షరంతోనే. లేనిదాన్ని కొట్టేయలేం కదా! దాని చోటు చూపించడానికి ఒక గుర్తు కావాలి. ఆ గుర్తే హంసపాదు.

ఇది తెలిసిన గుర్తే. బళ్లో వ్యాసం రాస్తూ ఒక మాట మరిచిపోతే పంక్తి కింద ^ పెట్టి పైన ఇరికించేవాళ్లం, అదే. కాకపోతే నోటుబుక్కులో పెట్టినట్టే ప్రూఫులో పెడితే పని జరగదు. ఎందుకు జరగదో, ఎలా పెట్టాలో చెప్తాను. ముందు ఆ గుర్తు ఎక్కడిదో కాస్త తెలుసుకుంటే పని తేలికవుతుంది.

గుర్తు కథ

ఇంగ్లీషులో దీన్ని క్యారెట్ అంటారు. హల్వా చేసుకునే క్యారెట్‌కీ, బంగారం కొలిచే క్యారెట్‌కీ దీనికీ చుట్టరికం లేదు. ఇది లాటిన్ క్రియాపదం, "లోపించింది" అని అర్థం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు రాతలోకి వచ్చింది. "ఇక్కడ ఏదో తక్కువైంది" అని చెప్పడమే ఆ గుర్తు పని. ఏది తక్కువైందో అది చెప్పదు, దాన్ని మీరు వేరేచోట రాయాలి. ప్రూఫుల దగ్గర జరిగే గొడవల్లో సగం ఈ రెండు పనుల్లో ఒకటి చేసి రెండోది వదిలేయడం వల్లే.

మనవాళ్లు పనిని కాకుండా రూపాన్ని చూసి పేరు పెట్టారు. రెండు మూడు గీతలు ఒకచోట కలిస్తే బురదలో పక్షి అడుగు పడినట్టు ఉంటుంది. అందుకే హంసపాదు, హంసపాదం. కన్నడంలోనూ హంసపాదమే. సంస్కృత ప్రతుల గురించి రాసేవాళ్లు కాకపదం అని కూడా అంటారు, కాకి అడుగన్నమాట. హంసో కాకో, పని మాత్రం ఒకటే.

తాటాకు మీద గంటంతో రాసే రోజుల్లో చెరపడం కుదరదు. గంటం ఆకును గీస్తుంది, తర్వాత మసి రుద్దితే ఆ గీతల్లో నిలిచి అక్షరాలు కనిపిస్తాయి. గీత పడిందంటే పడినట్టే. రాసే ఆయన ఒక మాట దాటేశాడనుకోండి, ఆకంతా మళ్లీ రాయాలి, లేదంటే తప్పిన చోట చిన్న గుర్తు గీసి పంక్తుల మధ్యనో అంచులోనో ఆ మాట రాయాలి. సహజంగానే రెండో దారి పట్టారు. గుర్తు అన్ని ప్రతుల్లోనూ ఒకేలా ఉండదు. కొన్నిట్లో కూడిక గుర్తులా +, కొన్నిట్లో ఇంటూలా ×, కొన్నిట్లో ^. ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణంలో ప్రాచ్యలిఖిత గ్రంథాలయం ఉంది. అక్కడ తాళపత్రాలు చూసే అవకాశం వస్తే పద్యం కంటే ముందు అంచులు చూడండి. ప్రూఫురీడింగ్ అనే ఉద్యోగం రాకముందు ప్రూఫురీడింగ్ ఎలా జరిగేదో అక్కడ తెలుస్తుంది.

"ఆదిలోనే హంసపాదు" అని మనం రోజూ అనే మాట కూడా ఇక్కడిదే. కొత్త పథకం మొదలైన రోజే సర్వర్ పనిచేయకపోతే పేపర్‌లో ఆ హెడ్డింగు పడుతుంది. హంస అడుగుపెడితే శుభమే కదా, దీన్ని ఆటంకానికి ఎందుకు వాడతారు అని చాలామందికి సందేహం. ఇది హంస వేసిన అడుగు కాదు, రాసేవాడు వేసిన గుర్తు. గ్రంథం మొదలుపెడుతూనే ఒక మాట జారిపోయి, మొదటి పంక్తిలోనే హంసపాదు వేయాల్సి వచ్చిందంటే ఇక ముందు ఎన్ని ఉంటాయో అని. అంతే.

కీబోర్డులో 6 అంకె మీద ఉండే ^ సంగతి వేరు. కంప్యూటర్ అక్షరాలకు అమెరికాలో 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో ఆ స్థానంలో పైకి చూసే బాణం ఉండేది. 1967 సవరణలో దాని బదులు ఫ్రెంచి అక్షరాల నెత్తిన పెట్టే టోపీ గుర్తు వచ్చింది. అది చూడ్డానికి హంసపాదులా ఉందని జనం క్యారెట్ అనేశారు. ప్రూఫు దిద్దే అసలు గుర్తుకి, అన్ని భాషల అక్షరాలకూ ఇప్పుడు వాడే పట్టిక అయిన యూనికోడ్‌లో వేరే స్థానం ఉంది. మన పనికి ఇవేవీ అక్కర్లేదు, పెన్ను చాలు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఎర్ర పెన్ను, నీలం పెన్ను, స్కేలు లేదా అట్టముక్క, మీరిచ్చిన ఒరిజినల్. పెన్సిలు వద్దు, ఫొటో తీసి పంపితే కనబడదు. నల్ల పెన్ను అసలే వద్దు, అచ్చులో కలిసిపోతుంది. మ్యాటర్ టైప్ చేసే కంపోజింగ్‌లో పోయినవి ఎర్రతో, ఒరిజినల్‌లో లేకపోయినా ఇప్పుడు మీరు కొత్తగా చేరుస్తున్నవి నీలంతో పెట్టడం పాత ప్రెస్సుల ఆనవాయితీ. ఇది చాదస్తమనుకోకండి. బిల్లు దగ్గర "కరెక్షన్స్ మరీ ఎక్కువ పెట్టారండీ" అన్నారంటే ఎవరి తప్పులు ఎన్నో రంగే చెబుతుంది.

ప్రూఫు ప్రింటు తీయించేటప్పుడు నాలుగు వైపులా మార్జిన్ ఉంచమనండి. పుస్తకం ఏ4 కంటే చిన్నదైన డెమ్మీ సైజు అయినా ప్రూఫు ఏ4 కాగితం మీద ఇమ్మంటే చుట్టూ చోటు మిగులుతుంది. శుభలేఖకైతే ఇది తప్పనిసరి. కార్డు సైజులోనే ప్రింటు ఇస్తే రాయడానికి వేలెడు జాగా ఉండదు.

మొదటి మెట్టు: లోపాన్ని పట్టుకోవడం

తప్పు కంటికి కనబడుతుంది, లోపం కనబడదు. వాక్యం సాఫీగా నడిచిపోతుంటే మధ్యలో రెండు పంక్తులు ఎగిరిపోయినా గుర్తించలేం. కంపోజ్ చేసేవాళ్ల కళ్లు ఒరిజినల్‌కీ స్క్రీన్‌కీ మధ్య తిరుగుతుంటాయి. రెండు పంక్తుల చివర ఒకే మాట, ఉదాహరణకి "అన్నాడు", ఉంటే మొదటి "అన్నాడు" టైప్ చేసి తలెత్తిన కన్ను తిరిగి రెండో "అన్నాడు" మీద వాలుతుంది. మధ్యలోది గోవిందా. తాటాకులు చూసి తిరగరాసినవాళ్లకూ ఇదే జరిగేది. కాబట్టి ఒకే మాట దగ్గర దగ్గరగా రెండుసార్లు వచ్చే చోట్ల కాస్త ఆగండి. సంభాషణలున్న కథల్లో, పేర్ల జాబితాల్లో, పల్లవి మళ్లీ మళ్లీ వచ్చే పాటల్లో ఇది ఎక్కువ.

మంచి పద్ధతి ఇద్దరు కూర్చోవడం. ఒకరు ఒరిజినల్‌ని కామాలు, చుక్కలతో సహా పైకి చదవాలి, రెండోవాళ్లు ప్రూఫు మీద స్కేలు జరుపుకుంటూ చూడాలి. ప్రెస్సుల్లో ఆ చదివేవాళ్లని కాపీ హోల్డర్ అనేవారు. ఇంట్లో ఎవరూ దొరక్కపోతే ఒరిజినల్ మీద ఎడమచేతి వేలు, ప్రూఫు మీద కుడిచేతి పెన్ను పెట్టుకుని ఒక్కో పదబంధం పోల్చుకోండి. ఒరిజినల్ పక్కన పెట్టేసి ఉత్త ప్రూఫే చదవడం మాత్రం ప్రూఫు దిద్దడం కిందికి రాదు.

స్పెల్‌చెక్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. ఆహ్వానంలో "పెద్దలందరికీ వందనం" అన్నచోట సున్న పోతే "పెద్దలందరికీ వదనం" అవుతుంది. వదనం కూడా నిఘంటువులో ఉన్న మాటే. దానికింద ఎర్రగీత పడదు.

రెండో మెట్టు: చోటు చూపించడం

పెన్ను మొనని సరిగ్గా ఆ రెండు మాటల మధ్య ఆనించి ^ గీయండి. మొన పైకి ఉండాలి, ఏ ఖాళీలో చేరాలో ఆ ఖాళీని తాకాలి. ఇంగ్లీషులో దీన్ని పంక్తి అడుగున బుల్లిగా పెడితే చాలు. తెలుగులో అక్కడ ఒత్తులున్నాయి. "అక్క, మొన్న, చెప్పు" లాంటి మాటల కింద బుల్లి హంసపాదు పెడితే ఒత్తుల్లో కలిసిపోతుంది, డీటీపీ ఆపరేటర్ దాన్ని ఏ ఒత్తో అనుకుని వదిలేస్తారు. పోనీ తలకిందులు చేసి పంక్తి పైన V లా పెడదామంటే అది తలకట్టులా ఉంటుంది. కాబట్టి గుర్తు పెద్దగా ఉండాలి. ఒత్తుల కిందినుంచి మొదలై రెండు మాటల మధ్యకి వచ్చేలా గీయండి. మధ్యలో ఇంకో గీతని కొంచెం పొడుగ్గా, అక్షరాల ఎత్తుదాకా లాగితే ఇంకా మంచిది. చూడ్డానికి నిజంగానే మూడు వేళ్ల పాదంలా ఉంటుంది, దేనితోనూ పొరపాటు పడే ప్రమాదం ఉండదు.

ఒక్కో లోపానికి ఒక్కో గుర్తు. "ఎక్కడో ఇక్కడే ఏదో పోయింది" అన్నట్టు మాట చుట్టూ సున్న చుట్టి వదిలేయకండి.

మూడో మెట్టు: ఏది చేరాలో మార్జిన్‌లో రాయడం

బళ్లో అలవాటైన పద్ధతి మానుకోవాల్సింది ఇక్కడే. చేరాల్సిన మాటని పంక్తుల మధ్య ఇరికించొద్దు. కరెక్షన్లు వేసే ఆపరేటర్ పేజీ చదవరు, మార్జిన్ వెంట కన్ను పరిగెత్తిస్తారు. మార్జిన్‌లో ఏమీ లేకపోతే ఆ పంక్తి బాగున్నట్టే లెక్క. గుర్తు పంక్తిలో, మాట మార్జిన్‌లో, అదీ అదే పంక్తికి సరిసమానంగా. పంక్తి ఎడమ సగంలో ఉన్న లోపానికి ఎడమ మార్జిన్, కుడి సగంలో ఉన్నదానికి కుడి మార్జిన్.

ఒకే పంక్తిలో రెండు మూడు ఉంటే పంక్తిలో ఏ వరుసలో ఉన్నాయో మార్జిన్‌లోనూ అదే వరుసలో రాసి, ఒక్కోదాని తర్వాత ఏటవాలు గీత / గీయండి. అంతకు మించితే ఆ పంక్తి మొత్తం కొట్టేసి కొత్తగా రాసివ్వడం మేలు. ఆపరేటర్‌కీ మీకూ టెన్షన్ ఉండదు.

పాతబస్తీ ఛత్తా బజార్‌లో ఉర్దూ కార్డు కూడా వేయిస్తుంటే ఈ వరుస తిరగబడుతుందని గుర్తుంచుకోండి. పంక్తి కుడినుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి మార్జిన్‌లో కరెక్షన్లూ అలాగే నడవాలి. ఒకే కార్డులో రెండు భాషలుంటే రెండు ప్రూఫులుగా అడిగి తీసుకోండి.

ఇప్పుడు ఒక శుభలేఖ తీసుకుందాం. ఒరిజినల్‌లో ఇలా ఉంది:

"శనివారం రాత్రి 2-17 గంటలకు (తెల్లవారితే ఆదివారం) మా స్వగృహమునందు"

ప్రూఫులో ఇలా వచ్చింది:

"శనివారం రాత్రి 2-17 గంటలకు మా స్వగృహమునందు"

వ్యాకరణం చూస్తే ఏ లోటూ లేదు. కానీ మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, గోడ గడియారంలో అర్ధరాత్రి మారుతుంది. ఆ బ్రాకెట్టు మాట లేకపోతే కొందరు శుక్రవారం రాత్రి పన్నెండు దాటాక బయల్దేరతారు, కొందరు శనివారం రాత్రి. శుభలేఖలో పేర్ల తర్వాత అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన పంక్తి ఇదే. దీన్ని దిద్దేటప్పుడు "గంటలకు", "మా" అనే రెండు మాటల మధ్య హంసపాదు వేయండి. కుడి మార్జిన్‌లో "(తెల్లవారితే ఆదివారం)" అని రెండు బ్రాకెట్లతో సహా రాయండి. బ్రాకెట్లు వాళ్లే పెట్టుకుంటారులే అనుకోవద్దు. మీరు మార్జిన్‌లో ఏం రాస్తే అదే పడుతుంది, రాయనిది పడదు. కామా, చుక్క, ఒక్కోసారి ఖాళీ కూడా అంతే.

ఖాళీకి # గుర్తు వాడతారు. రెండు మాటలు అతుక్కుపోతే మధ్యలో హంసపాదు, మార్జిన్‌లో #. ఈ గుర్తు తెలియని కుర్రాళ్లు తగిలితే "స్పేస్" అని రాసి చుట్టూ గీత చుట్టండి. చుట్టిన మాట సూచన, చుట్టనిది మ్యాటర్. ఈ తేడా చెప్పకపోతే "స్పేస్" అనే మాటే కార్డు మీద అచ్చయి కూర్చుంటుంది.

నాలుగో మెట్టు: అక్షరంలో ముక్క పోయినప్పుడు

ఇంగ్లీషు గుర్తులు తెలుగుకి అచ్చంగా సరిపోని చోటు ఇది. ప్రూఫు గుర్తులకు ఐఎస్ఓ 5776 అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది గానీ, ఒత్తు పోతే ఏం చేయాలో చెప్పడానికి మనమే ఉండాలి.

వాళ్లకి అక్షరాలు వరుసగా కూర్చున్న విడివిడి ముక్కలు. ఒకటి పోతే రెండిటి మధ్య ఖాళీ చూపిస్తే చాలు. మనకి అక్షరం పైనా కిందా పక్కనా పెరుగుతుంది. గుడి పైన, ఒత్తు కింద, కొమ్ము పక్కన. అందులో ఒక ముక్క పోతే అది ఏ రెండు అక్షరాల మధ్యా లేదు. హంసపాదు ఎక్కడ పెడతారు?

తెలంగాణ పల్లె కథల పుస్తకం ఒకటి అచ్చవుతోందనుకుందాం. "ఊరి బయట గడ్డి తగలబడింది" అని రచయిత రాశారు. ప్రూఫులో ఒత్తు పోయి "ఊరి బయట గడి తగలబడింది" అని పడింది. గడి అంటే దొరవారి కోట. గడ్డివాము కాలిందనుకున్న చోట దొర గడి కాలిపోతే కథ ఎటో వెళ్లిపోతుంది! ఇక్కడ చాలామంది "డి" కింద హంసపాదు పెట్టి, మార్జిన్‌లో ఉత్త డ ఒత్తు గీస్తారు. చేతిరాతలో ఒంటరి ఒత్తు ఏదో పిచ్చిగీతలా ఉంటుంది. ఆపరేటర్‌కి అర్థం కాకపోతే వదిలేస్తారు, అర్థమైందనుకుంటే ఇంకేదో ఒత్తు వేస్తారు.

అలా వద్దు. ముక్క పోయినచోట హంసపాదు వాడకండి. అక్షరం మొత్తాన్ని నిలువుగీతతో కొట్టి, మార్జిన్‌లో అక్షరం మొత్తం రాయండి. "డి" కొట్టేయండి, మార్జిన్‌లో "డ్డి". దీర్ఘం పోయి "కాలం" కాస్తా "కలం" అయితే "క" కొట్టి "కా". రెండు అక్షరాలు చెడితే మాట మొత్తం కొట్టి మాట మొత్తం రాయండి. పూర్తి అక్షరం పోయినప్పుడు, పూర్తి మాట పోయినప్పుడు, కామా, చుక్క లాంటి గుర్తు పోయినప్పుడు మాత్రమే హంసపాదు.

సున్న దగ్గర ఇంకో మెలిక ఉంది. సున్న విడిగా కూర్చునే అక్షరమే కాబట్టి న్యాయంగా హంసపాదు పెట్టొచ్చు. కానీ ప్రూఫు గుర్తుల్లో వాక్యం చివరి చుక్కని మార్జిన్‌లో రాసేటప్పుడు, అది కనబడకుండా పోకూడదని చుట్టూ సున్న చుడతారు. మీరు మార్జిన్‌లో ఉత్త "ం" రాస్తే అది చుక్కో, సున్నో, అంకెల సున్నో తేలదు. "వందనం"లో సున్న పోతే "వ" కొట్టి "వం" రాయండి. విసర్గ కూడా ఇంతే, ఒంటరిగా రాస్తే కోలన్‌లా ఉంటుంది. "దుఃఖం" కోసం "దుః" అని పూర్తిగా రాయండి.

కంటికి కనబడని లోపం ఒకటి కొత్తగా వచ్చింది. ఫోన్లో యూనికోడ్‌లో కొట్టిన మ్యాటర్‌లో "ఫేస్‌బుక్" అని ఉండాల్సింది "ఫేస్బుక్" అని, "హైకోర్ట్‌లో" అని ఉండాల్సింది "హైకోర్ట్లో" అని ఒత్తుగా అతుక్కుపోతుంది. రెండిటి మధ్య ఉండాల్సిన, అచ్చులో కనబడని కోడ్ ఒకటి పోవడమే కారణం. అక్కడ హంసపాదు పెట్టి # రాస్తే "ఫేస్ బుక్" అని రెండు ముక్కలవుతుంది, అదీ మనకక్కర్లేదు. మాట మొత్తం కొట్టి, పొల్లు స్పష్టంగా కనబడేలా "ఫేస్‌బుక్" అని రాసి, పక్కన "ఒత్తు వద్దు" అని చుట్టి పెట్టండి.

అయిదో మెట్టు: పేరాలు, పేజీలు చేర్చాల్సి వస్తే

నాలుగైదు మాటలు దాటితే మార్జిన్ చాలదు. పంక్తిలో హంసపాదు వేసి, మార్జిన్‌లో "అ" అని రాసి చుట్టండి. విడి కాగితం మీద పైన అదే "అ" చుట్టి, పక్కన పేజీ నంబరు వేసి మ్యాటర్ రాయండి. రెండోది "ఆ", మూడోది "ఇ". చేర్పు ఎక్కడ ముగుస్తుందో తెలిసేలా చివర అడ్డగీత గీయండి. కొత్త పేరాగా రావాలా, ఉన్న పేరాలో కలవాలా అనేది కూడా అక్కడే రాయండి. ఆ కాగితాన్ని ప్రూఫు పేజీకి పిన్ను కొట్టండి, మడిచి మధ్యలో పెడితే జారిపోతుంది.

ఎగిరిపోయిన భాగం ఒరిజినల్‌లోనే ఉంటే మళ్లీ రాసే శ్రమ ఎందుకు? హంసపాదు వేసి "ఒరిజినల్ పేజీ 14 చూడండి" అని చుట్టి రాసి, ఆ ఒరిజినల్ పేజీలో ఆ భాగాన్ని ఎర్రగా బ్రాకెట్టు చేసి జతచేయండి.

పెట్టిన హంసపాదు వద్దనిపిస్తే దాన్ని పిచ్చిపిచ్చిగా గీకేయొద్దు. మార్జిన్‌లో రాసింది కొట్టేసి "ఉన్నది ఉన్నట్టే" అని చుట్టి రాయండి. ఇంగ్లీషు ప్రూఫుల్లో దీనికి "స్టెట్" అంటారు, అదీ లాటిన్ మాటే.

కాగితం కాకుండా ఫోన్లో, పీడీఎఫ్‌లో ప్రూఫు వస్తే

ఈ రోజుల్లో శుభలేఖ ప్రూఫు ముప్పాతిక పాళ్లు వాట్సాప్‌లోనే వస్తుంది. ఫొటో మీద పెన్సిల్ బొమ్మ నొక్కి వేలితో హంసపాదు గీయొచ్చు గానీ, మాటని వేలితో రాయొద్దు, ఎవరికీ అర్థం కాదు. గుర్తు మాత్రం గీసి, కింద టైప్ చేయండి: "పై నుంచి 6వ పంక్తి, గంటలకు అన్న మాట తర్వాత: (తెల్లవారితే ఆదివారం)". ముందు ఏ మాట ఉందో చెప్పడం తప్పనిసరి. వాయిస్ మెసేజ్‌లో కరెక్షన్లు చెప్పడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. అర్థం, అర్ధం మీ నోట ఒకేలా పలుకుతాయి.

పీడీఎఫ్ అయితే అక్రోబాట్‌లో కామెంట్ పనిముట్లలో "ఇన్సర్ట్ టెక్స్ట్" ఉంటుంది. కర్సర్ పెట్టి అది నొక్కితే అక్కడ చిన్న హంసపాదు పడి, చేరాల్సిన మాట పక్క పెట్టెలో రాసుకునే వీలుంటుంది. తాటాకు పద్ధతే, అంచు ఒక్కటే మారింది. కాకపోతే మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని నడుస్తోంది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలియదు. ఆ ఫాంట్లలో అక్షరం, గుడి, ఒత్తు విడివిడి ముక్కలుగా ఉంటాయి కాబట్టి పీడీఎఫ్‌లో కర్సర్ ఒక్కోసారి అక్షరం నడుమ వెళ్లి నిలబడుతుంది. మీరు కామెంట్‌లో యూనికోడ్‌లో కొట్టిన మాటని ఆపరేటర్ నేరుగా పేస్ట్ చేయలేరు, కన్వర్టర్‌లో మార్చుకోవాలి లేదా మళ్లీ టైప్ చేయాలి. రెండు దారుల్లోనూ కొత్త తప్పు దొర్లే వీలుంది. అందుకే పీడీఎఫ్‌లో కూడా ముందున్న మాట, చేరాల్సింది, వెనకున్న మాట మూడూ కలిపి రాయండి.

వర్డ్ ఫైల్ అయితే ఈ తంటా లేదు. ట్రాక్ ఛేంజెస్ ఆన్ చేసి నేరుగా టైప్ చేయండి, చేర్చినదంతా రంగులో కనబడుతుంది.

ఆరో మెట్టు: రెండో ప్రూఫు

డిసెంబరు పుస్తక ప్రదర్శన నాటికి పుస్తకం రావాలన్న హడావిడిలో చాలామంది వదిలేసేది ఇదే. కరెక్షన్లు వేశామన్నారు కదా అని సంతకం పెట్టేస్తారు.

మొదటి ప్రూఫు పక్కన పెట్టుకుని, హంసపాదు వేసిన ప్రతిచోటా కొత్త ప్రూఫు చూడండి. చేరాల్సింది చేరిందా అని మాత్రమే చూస్తే చాలదు. అదే మాట కింది పంక్తిలోనూ ఉంటే అక్కడ చేరి ఉండొచ్చు. చేర్చమంటే పక్క మాటని తీసేసి దాని స్థానంలో పెట్టి ఉండొచ్చు. ఒక మాట చేరగానే పంక్తులు జరుగుతాయి కాబట్టి ఆ పేరా చివరిదాకా చదవాలి. పేజీ అడుగున ఉన్న పంక్తి తర్వాతి పేజీకి దూకిందేమో, శీర్షిక ఒంటరిగా పేజీ కింద మిగిలిందేమో చూడాలి. పెద్ద చేర్పులు పెట్టి ఉంటే విషయసూచికలో పేజీ నంబర్లు మళ్లీ సరిచూడక తప్పదు. సరిగ్గా పడిన ప్రతిదానికీ మొదటి ప్రూఫు మార్జిన్‌లో టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి. టిక్కు లేనివి మిగిలితే మూడో ప్రూఫు అడగండి, మొహమాటపడకండి.

మొదటి ప్రూఫుని అచ్చయి బిల్లు తేలేదాకా పారేయొద్దు.

ప్రింట్ ఆర్డర్ ఇచ్చేశాక, పేజీలు అచ్చయ్యాక లోపం కనబడితే ఇక తప్పొప్పుల పట్టికే గతి. దానిలో "తప్పు", "ఒప్పు" అని రెండు గడులుంటాయి. పోయిన మాటకి "తప్పు" గడిలో రాయడానికి ఏమీ ఉండదు కాబట్టి అక్కడ ముందున్న మాట, వెనకున్న మాట రాసి మధ్యలో హంసపాదు పెట్టండి. "ఒప్పు" గడిలో మూడూ కలిపి రాయండి. పేజీ నంబరుతో పాటు పంక్తి నంబరు కూడా ఇవ్వండి. ఆ చీటీని టైటిల్ పేజీ వెనకాల అతికించమనండి, ఊరికే లోపల పెడితే షాపు దాకా కూడా రాదు.